రెండో మొదటి జీతం

ఖానాపూర్,
26 సెప్టెంబర్ 2023

బిడ్డ స్తుతికి, మీ పెద్దబాపు మైసయ్య ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాయునది.

ఇక్కడ నేను, మీ పెద్దవ్వ, నిన్ను కన్న మీ అవ్వ, మూడు కోళ్లు క్షేమం. నాలుగో కోడి సంగతి పెద్దవ్వ ముందు ఎత్తకు. మస్కట్‌లో నా తమ్ముడు, మీ బాపు జోయల్ కూడా బాగానే ఉన్నాడట.

నువ్వు పంపిన అపాయింట్‌మెంట్ ఆర్డరు జిరాక్సు అందింది. మూడుసార్లు చదివాను. రెండేళ్లు కరీంనగర్ హాస్టల్లో కూర్చొని సర్కారు కొలువు పరీక్షలు రాశావు. అది రాకపోతే పోనీ, విత్తనాల కంపెనీ కూడా వ్యవసాయమే కదా. నువ్వు చదివిన చదువు మట్టిలో పోలేదు. పోయినా విత్తనం కాబట్టి మొలుస్తుంది.

ఆదివారం ఆరాధనలో ప్రకటనలు చదివేటప్పుడు నేనే లేచాను. సంఘ కోశాధికారిగా ఇరవై రెండేళ్ల నుంచి పెళ్లిళ్లు, చావులు, బోరింగు రిపేరు చందాలు ఎన్నో చదివాను. సొంత ఇంటి సంతోషం చదవడం ఇదే మొదటిసారి. "మా జోయల్ బిడ్డ స్తుతికి కరీంనగర్ల కొలువైంది. ఏడాదికి తొమ్మిది లక్షలు. అంటే నెలకు డెబ్బై ఐదు వేలు. మొదటి జీతం మొత్తం ప్రథమ ఫలం కింద దేవునికి" అని చెప్పాను. ఆడవాళ్ల వైపు దగ్గుతున్న రామవ్వకు కూడా దగ్గు ఆగిపోయింది.

ఇది మన ఇంటి కట్టడి, నీకు తెలియనిది కాదు. పోస్టుమాన్‌గా నా మొదటి జీతం కవరు విప్పకుండానే మా బాపు పాస్టరు గారి చేతిలో పెట్టించాడు. మీ బాపు మస్కట్ నుంచి పంపిన మొదటి డ్రాఫ్టు కూడా అటే పోయింది. ఆ నెల మేం అప్పు తెచ్చి బియ్యం కొన్నాం. మొదటిది దేవుడిది, అందులో నుంచి ఒక్క రూపాయి కూడా మనది కాదు.

రెండో సంగతి. మే నెలలో నువ్వు తీసుకుపోయిన ఉచిత శిబిరంలో ఇచ్చిన చెవి మిషన్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఇరవై అడుగుల అవతల గుసగుసలు కూడా వినపడుతున్నాయి. ఫోను దగ్గర పెడితే మాత్రం ఈల వేస్తుంది, అందుకే ఈ ఉత్తరం. ఆ ట్రస్టు వాళ్లకు నువ్వు చెప్పిన అడ్రసుకు కృతజ్ఞతతో ఒక కార్డు రాస్తే, "అట్టి సంస్థ లేదు" అని ముద్ర కొట్టి తిప్పి పంపారు. ఈ కాలం పోస్టుమాన్లకు వెతికే ఓపిక లేదు. సరైన అడ్రసు పంపు. రామవ్వకు కూడా రెండు చెవులూ మందగించాయి, మళ్లీ శిబిరం ఎప్పుడో కనుక్కో.

కంపెనీలో చేరేటప్పుడు ఏ కాగితమైనా చదవకుండా సంతకం పెట్టకు. సందేహం ఉంటే నాకు రాయి. నేను దిగిపోయి ఎనిమిదేళ్లైనా ఫారాలు నింపడం మర్చిపోలేదు.

మీ పెద్దబాపు,
పి. మైసయ్య
(పోస్టుమాస్టరు, రిటైర్డు)


కరీంనగర్,
5 అక్టోబర్ 2023

పెద్దబాపుకు, స్తుతి వందనాలు.

చేరాను. నా పని మొలకల పరీక్ష. ప్రతి మూటలోంచి నాలుగు వందల గింజలు లెక్కపెట్టి, తడి కాగితంలో చుట్టి, వారం తర్వాత ఎన్ని మొలిచాయో రాయాలి. ఇంత చదువు చదివి మళ్లీ ఒకటి, రెండు, మూడు దగ్గరికి వచ్చాను.

మొదటి రోజంతా కాగితాలే. పాన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, పీఎఫ్ ఫారం. అకౌంట్స్‌లో మమతారాణి మేడం అని ఉన్నారు, ఇరవై ఏళ్ల సర్వీసు. ఆమె నన్ను కూర్చోబెట్టి "పన్ను పాత పద్ధతా, కొత్త పద్ధతా చెప్పు బిడ్డా" అన్నారు. పాత పద్ధతిలో ఇన్సూరెన్సు, పోస్టాఫీసు పొదుపు, ఇంటి కిరాయి అన్నీ చూపించి పన్ను తగ్గించుకోవచ్చు. కొత్త పద్ధతిలో చూపించేది ఏమీ లేదు, కానీ జీతగాళ్లకు ఏడాదికి ఏడున్నర లక్షల దాకా పన్నే పడదు. నాకు చూపించడానికి హాస్టల్ మంచం తప్ప ఏమీ లేదు కాబట్టి కొత్తది రాశాను.

ఇంకొక కాగితం కూడా ఇచ్చారు. అది నింపి ఇచ్చేశాను, దాని గురించి రాయడానికి ఏమీ లేదు.

పెద్దబాపూ, కోప్పడకు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, జీతం రాకముందే సంఘంలో లెక్క చదివేశావు. తొమ్మిది లక్షలంటే నా చేతికి వచ్చేది కాదు. కంపెనీ నా మీద పెట్టే ఖర్చంతా అందులో కలిపి రాస్తారు. వాళ్లు నా పేరు మీద కట్టే పీఎఫ్, ఎప్పుడో మానేసినప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ, ఇన్సూరెన్సు అన్నీ కలిసి తొమ్మిది. జీతం చీటీలో పడేది డెబ్బై వేలు, అందులో మళ్లీ కోతలు. వచ్చే ఆదివారం లేచి ఆ లెక్క కొంచెం తగ్గించి చెప్పు.

శిబిరం ఈ ఏడు మళ్లీ లేదట. ట్రస్టు వాళ్లు ఆఫీసు మార్చారట. కొత్త అడ్రసు ఎవరికీ తెలియదట. వాళ్లు కృతజ్ఞతలు ఆశించే మనుషులు కారు, వదిలెయ్.

నీ బిడ్డ,
స్తుతి


ఖానాపూర్,
12 అక్టోబర్ 2023

బిడ్డ స్తుతికి, పెద్దబాపు ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అవ్వకూ పెద్దవ్వకూ చదివి వినిపించాను. సోమలింగం అన్న చోట ఇద్దరూ నవ్వారు. మిషన్ ఉంది కాబట్టి అది కూడా విన్నాను.

పాత పద్ధతి ఉండగా కొత్తది ఎందుకు రాశావు? ముప్పై ఆరేళ్లు నేను కౌంటరు మీద నుంచి చెప్పిందే చెప్పాను, పోస్టాఫీసులో వేసుకోండి, పన్ను తగ్గుతుంది, మనవళ్లకు మిగులుతుంది అని. నా ఇంటి పిల్లే చూపించడానికి ఏమీ లేదని రాసి ఇచ్చింది. ఈ మాట బయట చెప్పలేదు.

కంపెనీ లెక్క కూడా నాకు అంతు పట్టలేదు. ఎప్పుడో మానేసినప్పుడు ఇచ్చేది ఇప్పుడే జీతంలో కలిపి చూపడం ఏమిటి? రేపు పెట్టబోయే గుడ్లు కలిపి ఈ రోజు కోడిని అమ్మితే పెద్దవ్వ ఊరుకుంటుందా?

సంఘంలో లేచి తగ్గించి చెప్పడం మాత్రం నా వల్ల కాదు. నా ఇరవై రెండేళ్ల రిజిస్టరులో కొట్టివేత ఒక్కటి లేదు. దేవుని ముందు పెంచి చెప్పవచ్చు, తగ్గించి చెప్పకూడదు. మొదటి జీతం వచ్చాక దానితో పాటు జీతం చీటీ జిరాక్సు కూడా పంపు. చీటీ లేకుండా పైసలు జమ చెయ్యను, నువ్వైనా సరే.

పెద్దబాపు


కరీంనగర్,
2 నవంబర్ 2023

పెద్దబాపుకు, స్తుతి వందనాలు.

జీతం పడింది. అరవై మూడు వేల నూట నలభై ఏడు. ఒక్క రూపాయి ముట్టుకోకుండా నీ ఖాతాలోకి పంపాను, చూసుకో. అడిగావు కాబట్టి చీటీ జిరాక్సు కూడా ఇందులో పెట్టాను. అందులో పీఎఫ్ పద్దెనిమిది వందలు, వృత్తి పన్ను రెండు వందలు, ఆదాయపు పన్ను నాలుగు వేల ఎనిమిది వందల యాభై మూడు కోశారు. అన్నీ సరైన కోతలే. మమతారాణి మేడం స్వయంగా చూశారు. నువ్వు పెన్సిల్ తీసుకొని కూర్చోవలసిన అవసరం ఏమీ లేదు.

ఆదివారం ఎంత చదివితే అంతే చదువు. ఎవరైనా ఏమైనా అంటే ఆ రోజుకు మిషన్ తీసి జేబులో వేసుకో.

నీ బిడ్డ,
స్తుతి


ఖానాపూర్,
8 నవంబర్ 2023

బిడ్డ స్తుతికి,

మిషన్ తియ్యలేదు. తీసి ఉంటే బాగుండేది.

కానుకలు చదివేటప్పుడు, "స్తుతి మొదటి జీతం, ప్రథమ ఫలం, అరవై మూడు వేల నూట నలభై ఏడు" అన్నాను. పాస్టరు తిమోతి గారు స్తోత్రం అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. ఆ తర్వాత ఆడవాళ్ల వైపు నుంచి మొదలైంది.

"డెబ్బై ఐదన్నడు గదా, అరవై మూడే అచ్చినయేంది?"

"నడుమ పన్నెండు వేలు ఏడ వోయినయి?"

"పోరి ఉంచుకున్నదో, గీయన ఉంచుకున్నడో. దేవుని కాడ పైసలు దాసుకున్న ఆలుమొగలు గక్కన్నే వడి సచ్చిన కథ ఆదివారం బడి పిల్లలను అడిగినా చెప్తరు."

చివరి మాట రామవ్వది. ఆమెకు తన గొంతు తనకు వినపడదు కాబట్టి గుసగుస అనుకొని అందరికీ వినపడేటట్టు అంది. ఇరవై రెండేళ్లలో నన్ను ఇంత మాట అన్నవాళ్లు లేరు. లేక అన్నారేమో, నాకు వినపడలేదేమో. ఆ పాత చెవులే నయం.

నా సంగతి పోనీ. నీ పేరు మీద అనుమానం పడింది, అది నాకు నిద్ర పట్టనివ్వలేదు. పొద్దున్నే పెన్సిల్ తీసుకొని కూర్చున్నాను. నువ్వు చేరింది అక్టోబర్‌లో. మార్చితో ఏడాది లెక్క ముగుస్తుంది. ఆరు నెలలు. ఆరు డెబ్బైలు నాలుగు లక్షల ఇరవై వేలు. ఏడున్నర లక్షల దాకా పన్ను లేదని నువ్వే రాశావు. మరి నెలకు నాలుగు వేల ఎనిమిది వందల యాభై మూడు ఏ లెక్కన కోస్తున్నారు? బిడ్డా, నిన్ను దోచుకుంటున్నారు. ఆ మమతారాణి మేడం నీ ముందు కూర్చొని కోస్తుంటే నువ్వు సరైన కోతలే అని రాస్తున్నావు.

నువ్వు భయపడకు. మీ కంపెనీ అకౌంట్స్ విభాగానికి నిన్ననే రిజిస్టరు పోస్టులో, ముట్టినట్టు రశీదు జత చేసి, ఉత్తరం వేశాను. కింద నా రెండు హోదాలూ రాశాను. సమాధానం రాకపోతే గొడుగు తీసుకొని నేనే వస్తాను.

పెద్దబాపు


కరీంనగర్,
11 నవంబర్ 2023

పెద్దబాపూ,

నువ్వే చెప్పేవాడివి, బట్వాడా కాకముందే అయితే రిజిస్టరు ఉత్తరం వాపసు తీసుకోవచ్చని. వెంటనే పోయి వాపసు తీసుకో. నీ కాళ్లు మొక్కుతాను. పన్ను సరైనదే. ఎందుకు సరైనదో నేనే వచ్చి చెబుతాను, క్రిస్మస్‌కు. అప్పటిదాకా ఆగు.

గొడుగు తీసుకొని రాకు.

స్తుతి


ఖానాపూర్,
18 నవంబర్ 2023

కుమారి జె. స్తుతి,
మొలకల పరీక్ష విభాగం, కరీంనగర్ వారికి.

విషయం: మీ మొదటి జీతం గల్లంతు గురించి.

మీ 11వ తేదీ ఉత్తరం అందేసరికి నా రిజిస్టరు ఉత్తరం బట్వాడా అయిపోయింది. మీ అకౌంట్స్ విభాగం నుంచి మమతారాణి గారు సమాధానం ఇచ్చారు. చాలా మర్యాదగా రాశారు. మీ సమాచారం కోసం అందులో నుంచి కొంత కింద ఎత్తి రాస్తున్నాను.

"అయ్యా, ఏడాది మధ్యలో ఉద్యోగం మారి వచ్చిన వాళ్లు, ఆ ఏడాది పాత కంపెనీలో తీసుకున్న జీతాన్ని పన్నెండు-బి అనే ఫారంలో మాకు రాసి ఇస్తారు. రెండు జీతాలు కలిపి పన్ను వేస్తాము. మీ అమ్మాయి ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు నెలకు అరవై వేల చొప్పున తీసుకున్నట్టు రాసి ఇచ్చింది. అది మూడు లక్షల అరవై వేలు. మా దగ్గర వచ్చేది కలిపితే ఏడు లక్షల ఎనభై వేలు. అందుకే పన్ను పడింది. కొత్తగా చేరేవాళ్లలో సగం మంది పాత జీతం దాచిపెడతారు. ఇంత నిజాయితీ గల బిడ్డను పెంచినందుకు మిమ్మల్ని అభినందిస్తున్నాను."

నేను ఈ అభినందన చదివేటప్పుడు పెద్దవ్వ పక్కనే ఉంది. "ఏమని రాసిండ్రు?" అని అడిగింది. ఏమని చెప్పాలి?

ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా మీరు హాస్టల్లో పరీక్షలకు చదువుతున్నారని మా నమ్మకం. మీరు గట్టెక్కాలని మీ పెద్దవ్వ శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉంది. మీరేమో ఆరు జీతాలు తీసుకున్నారు. అంటే నేను సంఘం ముందు నిలబడి ఏడో జీతాన్ని మొదటి జీతం అని చదివాను. ఇరవై రెండేళ్ల రిజిస్టరులో మొదటి అబద్ధం, నా చేతి రాతతో, మీ పేరు మీద.

రామవ్వ అన్నదే నిజమైంది. ఎవరో ఉంచుకున్నారు.

నాకు ఒక్క ప్రశ్నకే సమాధానం కావాలి. ఏప్రిల్ నెల జీతం, అసలు మొదటి జీతం, ఎక్కడ ఉంది? డిసెంబర్ పదిన కోత పండుగ. ఆలోపు తేలకపోతే సంఘం పెట్టె తాళంచెవులు పాస్టరు గారికి అప్పజెప్పి దిగిపోతాను.

ఇట్లు,
పి. మైసయ్య, సంఘ కోశాధికారి


కరీంనగర్,
22 నవంబర్ 2023

పెద్దబాపుకు,

అది నీ ఎడమ చెవిలో ఉంది.

ఇదే మొదట రాశాను, ఎందుకంటే ఇది చదివాక మిగతాది చదువుతావో లేదో తెలియదు.

ఫిబ్రవరిలో నిన్ను చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోయినప్పుడు మిషన్‌కు యాభై ఎనిమిది వేలు అన్నాడు. నువ్వు కుర్చీలోంచి లేచి, "యాభై ఎనిమిది వేలు వెట్టి ఇనాల్సిన ముచ్చట ఖానాపూర్ల ఏమున్నది?" అన్నావు. డాక్టరు నవ్వాడు, నేనూ నవ్వాను. మార్చిలో పరశురాములు మామ ట్రాక్టరు వెనక నుంచి హారన్ కొడుతూ వస్తుంటే నువ్వు దారి మధ్యలో నిలబడి గొడుగు మడుస్తున్నావు. టైరు నీ ధోవతి అంచు మీద ఆగింది. ఆ రోజు నేను నవ్వలేదు. ఆ రోజు నుంచి కళ్లు మూసుకుంటే నాకు ఆ అంచే కనిపించేది.

ఏప్రిల్‌లో చొప్పదండి రోడ్డులో ఒక చిన్న విత్తనాల కంపెనీలో ఉద్యోగం దొరికింది. నీకు చెప్పి ఉంటే ఏమయ్యేది? మొదటి జీతం దేవుడిది అనేవాడివి. నీ చెవికి ఇవ్వమంటే చచ్చినా ఒప్పుకునేవాడివి కావు. రెండో జీతం, మూడో జీతం దాకా ఆగుదామంటే, ట్రాక్టరు ఆగుతుందా? నెలాఖరున కోతలు పోను నా చేతికి సరిగ్గా యాభై ఎనిమిది వేలు పడింది. డాక్టరు చెప్పింది కూడా అంతే. ఇది దేవుడు కుదిర్చిన లెక్కే అనుకొని కొనేశాను.

శిబిరమూ లేదు, ట్రస్టూ లేదు. ఆ రోజు గోడ మీద "ఉచిత చెవి శిబిరం" అని అంటించిన చార్టు నేనే రాశాను. అక్షరాలు చక్కగా ఉన్నాయని నువ్వు మెచ్చుకున్నావు కూడా. ఆ చెవి డాక్టరు కాంపౌండరు ఇంకో ఇద్దరిని పక్కన కూర్చోబెట్టాడు, జనం ఉన్నట్టు కనిపించాలని. వాళ్లు పక్క గది పంటి డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్లు. అందుకే వాళ్లు దవడ పట్టుకొని కూర్చున్నారు.

మిగతా జీతాలు చదువు కోసం బ్యాంకులో తీసుకున్న లోనుకు కట్టాను. ఉద్యోగం సంగతి చెబుదామనుకుంటూనే ఆరు నెలలు దాటించాను. కొత్త కంపెనీలో చేరాక, ఇక్కడ వచ్చేది కూడా మొదటి జీతమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది తప్పు. పెద్దవ్వ ఉపవాసాలు తలుచుకుంటే అన్నం దిగడం లేదు.

ఆ పన్నెండు-బి కాగితం ఇచ్చిన రోజు నేను కాసేపు ఖాళీగానే పట్టుకొని కూర్చున్నాను. రాయకపోతే ఈ కంపెనీకి నా పాత జీతం తెలియదు, పన్ను కొయ్యదు, చీటీ చూసి నువ్వు ఏమీ అడగవు. మమతారాణి మేడం నా మొహం చూసి, "రాసెయ్ బిడ్డా. రెండు కంపెనీలోళ్లు కట్టేది ఒక్క పాన్ నంబరు మీదనే. గాడ అన్నీ కనవడ్తయి. ఇప్పుడు దాస్తే జూలైల రిటర్ను వేసేటప్పుడు వడ్డీతోని గుంజుతరు" అన్నారు. రాసేశాను.

సర్కారుకు చెప్పిన నిజం నీకు చెప్పలేదు, పెద్దబాపూ. నీకు చెప్పిన అబద్ధానికి వడ్డీ ఇప్పుడు కడుతున్నాను. నువ్వు దిగిపోవద్దు. కోత పండుగకు నేను వచ్చి అందరి ముందూ చెబుతాను. గింజలు లెక్కపెట్టే పని ఆ ఆదివారం నాకే పడింది, అయినా సెలవు అడుగుతాను.

నీ బిడ్డ,
స్తుతి


ఖానాపూర్,
30 నవంబర్ 2023

బిడ్డా స్తుతీ, మీ పెద్దవ్వ మగ్దలేనమ్మ రాసేది ఏందంటే,

నేను ఉత్తరం రాయక ఇరవై ఏండ్లాయె, తప్పులుంటే సదురుకొని సదువు. నువ్వు రాసిన ఉత్తరం మీ పెద్దబాపు సదివిండు. చెవుల మిషిని తీసి బట్టల తుడిసి డబ్బల వెట్టి, డబ్బను ట్రంకుల వెట్టి తాళమేసిండు. "ఇది దేవుని సొమ్ము, ఏడు నెలల సంది నేను చెవుల వెట్టుకొని తిరుగుతున్న" అన్నడు. గంతే. వారం దినాలైంది.

గాయిన బాధ గాయినదే గని నా బాధ ఎవ్వలకు చెప్పాలె? ఏడు నెలలు మెల్లగ మాట్లాడుడు అలవాటైంది. ఇప్పుడు మల్ల అన్నం తినుమని అరిస్తే పక్కింటోళ్లు కంచాలు వట్టుకొని అస్తుండ్రు. నా గొంతు వోయింది. నిన్న పరశురాములు ట్రాక్టరు కొత్త వడ్లు ఏసుకొని వోతుంటే నేనే ఉరికి గీయినను పక్కకు గుంజిన.

నా ఉపాసాల సంగతి ఫికర్ చెయ్యకు. కొలువు దొరకాలని ఉన్న, దొరికింది. దేవుడు నాకు జర ఆలస్యంగ చెప్పిండు, గంతే.

నువ్వు పండుగకు రాకు. నువ్వు అచ్చి అందరి ముందట ఏడిస్తే గీయిన ఇంకా పరేషాన్ అయితడు. గీయిన మనసుల ఏదో సోంచాయిస్తుండు, నాకు ఎరుకైతది. నేను సూసుకుంట.

పెద్దవ్వ


ఖానాపూర్,
12 డిసెంబర్ 2023

బిడ్డ స్తుతికి, పెద్దబాపు ప్రభువు నామంలో ఆశీర్వదించి రాయునది.

కోత పండుగ బాగా జరిగింది. ఈసారి గుమ్మడికాయలు పోయినేటి కంటే ఎక్కువ వచ్చాయి. కొత్త వడ్లు పదకొండు బస్తాలు, పసుపు రెండు బస్తాలు, సొరకాయలు, గుడ్లు, పెద్దవ్వ కోడిపుంజు. అన్నీ బలిపీఠం ముందు పెట్టి, ప్రార్థన అయ్యాక ఎప్పటిలాగే వేలం మొదలుపెట్టారు. ఎప్పటిలాగే పరశురాములు కూడా వచ్చాడు. ఆయన దేవుడు వేరైనా ప్రతి ఏడూ మొదటి గుమ్మడికాయ ఆయనే పాడతాడు.

వేలం మొదలు కాకముందే నేను ఒక స్టీలు పళ్లెంలో చెవి మిషన్ పెట్టి, గుమ్మడికాయకూ కోడిపుంజుకూ నడుమ ఉంచాను. నిలబడి చెప్పాల్సింది చెప్పాను. నా గొంతు నాకు వినపడదు కాబట్టి ఎంత గట్టిగా చెప్పానో తెలియదు. బస్టాండు దాకా వినపడిందట. చెప్పింది ఇంతే. "మా స్తుతి అసలు మొదటి జీతం ఇది. పోరికి నా మీద పాణం. నాకు ఎరుక లేకుంట నా చెవుల వెట్టింది. దాసుకున్నది పోరి కాదు, నేనే. డెబ్బై ఐదని చెప్పింది గూడ నేనే, పోరికి గంత రాదు. దేవునిది దేవునికి తెచ్చిన. వేలం వెట్టుండ్రి."

కూర్చున్నాను. ఆ తర్వాత ఏం జరిగిందో నా కళ్లతో చూశాను కానీ నా చెవులతో వినలేదు, మిషన్ పళ్లెంలో ఉంది కదా. పెద్దవ్వ చెప్పినది రాస్తున్నాను.

పాస్టరు గారు వెయ్యి నుంచి మొదలుపెట్టారట. నా చెవి కొలతకు చేసింది ఎవరు కొంటారని అందరూ ఊరుకున్నారట. రామవ్వ లేచి రెండు వేలు అందట. ఆమెకు నిజంగానే కావాలి, కొడుకు దుబాయిలో ఉన్నాడు, ధైర్యం కూడా ఉంది. పెద్దవ్వకు భయం పట్టి మూడు అంది. రామవ్వకు అది వినపడక మళ్లీ రెండే అంది. పక్కవాళ్లు చెబితే నాలుగు అంది. పెద్దవ్వ ఐదు అంది.

నాకు కనిపించింది మాత్రం, ఇద్దరు ఆడవాళ్లు లేచి ఒకరిమీద ఒకరు నోళ్లు తెరుస్తున్నారు. మళ్లీ ఆ పన్నెండు వేల గొడవే అనుకున్నాను. పాస్టరు గారు నా వైపు చూశారు. అవును, తప్పు నాదే అని తల ఊపాను. ఆయన దాన్ని ఆరు వేలు అని రాసుకున్నారు. మళ్లీ చూశారు, మళ్లీ ఊపాను. అట్లా నేను పశ్చాత్తాపపడిన కొద్దీ ధర పెరిగింది. తొమ్మిది దాటి పదకొండు దాకా పోయింది. చివరికి పెద్దవ్వ మగవాళ్ల వైపు వచ్చి, నా తల రెండు చేతులతో కదలకుండా పట్టుకొని, "పన్నెండు" అని అరిచిందట. రామవ్వకు కూడా వినపడిందట. పాస్టరు గారు మూడుసార్లు కొట్టేశారు.

రెండు మేకపోతులమ్మి దాచుకున్న పైసలు అక్కడే కొంగులోంచి తీసి కట్టింది. కట్టి, పళ్లెంలోంచి మిషన్ తీసి నా చెవిలో పెట్టింది. పదిహేను రోజుల తర్వాత నాకు వినపడిన మొదటి మాట ఇది. "ఇంతసేపు ఎవ్వల మీద పాడుతున్నవో ఎరుకేనా? నా మీదనే." దాని వెనక సంఘమంతా నవ్వుతున్నది వినపడింది. అంతమంది నవ్వు ఒక్కసారి విని నాకు ఎన్నేళ్లయిందో. నేను ఏడ్చాను బిడ్డా. నీ మీద కోపం తెచ్చుకోవడానికి నేను పడిన కష్టం ఎంతో ఆ రోజు తెలిసింది.

ఇంటికి వచ్చి రిజిస్టరు తీశాను. "మొదటి జీతం" అన్న చోట ఒక గీత కొట్టి, పైన "రెండవ ఉద్యోగపు మొదటి జీతం" అని రాసి, పక్కన సంతకం పెట్టాను. ఇరవై రెండేళ్లలో మొదటి కొట్టివేత. చూడటానికి అంత చెడ్డగా ఏమీ లేదు. కింద వేలం పన్నెండు వేలు జమ చేసి రెండూ కలిపి కూడిక వేశాను. డెబ్బై ఐదు వేల నూట నలభై ఏడు. నేను చదివిన దానికంటే నూట నలభై ఏడు ఎక్కువే వచ్చింది. ఈ మాట వచ్చే ఆదివారం చదువుతాను, రామవ్వ వైపు తిరిగి.

రామవ్వ సంగతి కూడా చూశాను. కలెక్టరాఫీసు వాళ్లు నిర్మల్‌లో చెవి మిషన్లు ఉచితంగా ఇచ్చే శిబిరం నిజంగానే పెడుతున్నారట. ఆమె పేరు రాయించాను. పోయి గోడ మీది చార్టు కూడా చదివి వచ్చాను. అక్షరాలు బాగాలేవు, కాబట్టి నిజమైనదే.

నువ్వు పన్ను కట్టు. సర్కారుకు నిజం రాసి ఇచ్చావు, మంచి పని చేశావు. మమతారాణి గారికి నేను వేరే ఉత్తరం రాశాను, అభినందన ఆలస్యంగా అందిందని. ఒక్క సంగతి మాత్రం. క్రిస్మస్‌కు వచ్చేటప్పుడు మన ఇంటికి కూడా ఒక పన్నెండు-బి కాగితం నింపుకొని రా. ఇంకా ఏమేం దాచావో, ఎవరి కోసం దాచావో, అన్నీ ఒకేసారి రాసి ఇచ్చెయ్. వడ్డీ వెయ్యను.

దీనితో పాటు రశీదు పంపుతున్నాను. సంఘం రశీదు మీద పన్ను తగ్గదని మమతారాణి గారు ముందే రాశారు, కాబట్టి ఆఫీసులో ఇవ్వకు. నీ దగ్గరే ఉంచుకో.

మీ పెద్దబాపు,
మైసయ్య

జత: రశీదు ఒకటి.

ఇచ్చినవారు: జె. స్తుతి.
దేని నిమిత్తం: ప్రథమ ఫలం, ఏప్రిల్ 2023.
వస్తువు: చెవి మిషన్ ఒకటి, ఎడమ చెవిది.
ముట్టినది. వాడుకలో ఉన్నది.